అక్రోపోలిస్ మ్యూజియం: ఏ వరుసలో, ఏ వెలుగులో చూడాలి

ఏథెన్స్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పొద్దున్నే అక్రోపోలిస్ కొండెక్కి ఎథీనా దేవత గుడి పార్థెనాన్ చూస్తారు. ఎండ ముదిరాక కిందికి దిగి, అక్రోపోలిస్ మ్యూజియంలో ఓ గంట తిరిగి వెళ్లిపోతారు. ఆ గంటలో కంటికి ఆనేవి విరిగిన ముక్కులు, చేతుల్లేని బొమ్మలు, అంతులేని గుర్రాలు. అదే మ్యూజియాన్ని దిక్కులు తెలుసుకుని, సరైన వరుసలో చూస్తే ఒక గుడి మొత్తం కళ్లముందు నిలబడుతుంది. కొండ మీద ఏ శిల్పం ఏ దిక్కున, దేని పక్కన ఉండేదో చూసుకుని లోపల దాని చోటు నిర్ణయించారు. ఆ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందుగా ఒక అపోహ తీరాలి. ఇది గ్రీసు దేశపు పురావస్తువులన్నీ ఉన్న మ్యూజియం కాదు. అక్రోపోలిస్ కొండ మీద, దాని వాలుల్లో, మ్యూజియం పునాదుల కింద దొరికినవే ఇక్కడ ఉంటాయి. అగామెమ్నాన్ ముసుగుగా పేరుపడ్డ బంగారు ముఖం కోసం ఇక్కడ వెతికి నిరాశపడేవాళ్లు ఉంటారు. అది అదే ఊళ్లో, పటిసియోన్ వీధిలోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. రెంటినీ ఒకే రోజు పెట్టుకోవద్దని నా సలహా. కాళ్ల సంగతి ఎలా ఉన్నా, కళ్లు అలిసిపోతాయి.

పాత మ్యూజియం కొండ మీదే ఉండేది. 1874లో తెరిచిన ఆ చిన్న భవనం తవ్వకాల్లో బయటపడ్డ వాటికి ఎప్పుడో చాలకుండా పోయింది. 2007లో దాన్ని మూసి, అక్కడి శిల్పాలను పెట్టెల్లో బిగించి, మూడు క్రేన్లు ఒకదానికొకటి అందించుకుంటూ కిందికి దించాయి. కొత్త భవనం 2009 జూన్ 20న తెరుచుకుంది. బెర్నార్డ్ చూమి గ్రీకు వాస్తుశిల్పి మైకేల్ ఫోటియాడిస్‌తో కలిసి దీన్ని రూపొందించాడు. పార్థెనాన్‌కి సుమారు 300 మీటర్ల దూరంలో, కొండకి దక్షిణంగా ఉంటుంది. పునాది తవ్వుతుంటే ఒక పాత పేటే బయటపడింది. దాన్ని పూడ్చకుండా, వందకు పైగా కాంక్రీటు స్తంభాలను శిథిలాల మధ్య ఖాళీలు చూసి నిలబెట్టి, వాటి మీద భవనాన్ని ఎత్తారు. గ్రీసుకు భూకంపాల బెడద ఉంది కాబట్టి, నేల కదిలినా పైభాగానికి ఆ కుదుపు తగ్గి చేరేలా స్తంభాలకూ భవనానికీ మధ్య ప్రత్యేకమైన బేరింగులు పెట్టారు.

చేరుకోవడం సులువు. విమానాశ్రయం నుంచి మెట్రో నీలం లైన్ ఎక్కి సింటగ్మాలో దిగి, ఎర్ర లైన్‌లో ఎలినికో వైపు ఒక్క స్టేషన్ వెళితే అక్రోపోలి వస్తుంది. స్టేషన్ బయటికి రాగానే మ్యూజియమే. స్టేషన్‌లోనూ పార్థెనాన్ శిల్పాల నకళ్లు పెట్టారు, రైలు దిగి పరుగెత్తకుండా ఒకసారి చూడండి. అయితే కొండ టికెట్ వేరు, మ్యూజియం టికెట్ వేరు. ఒకదానితో రెండోదానిలోకి రానివ్వరు. కొండకు గంటల వారీగా సమయం ఎంచుకుని టికెట్ కొనాలి, రోజుకు 20,000 మందికే పరిమితి. మ్యూజియం టికెట్‌ను దాని సొంత వెబ్‌సైట్‌లోనే కొనుక్కోండి. బయటి ఏజెంట్లు అసలు ధర మీద ఇంకా కలుపుతారు. మార్చి 6, మార్చి 25, మే 18, అక్టోబర్ 28 తేదీల్లో ప్రవేశం ఉచితం, రద్దీ కూడా అంతే. జనవరి 1, ఆర్థడాక్స్ ఈస్టర్ ఆదివారం, మే 1, డిసెంబర్ 25, 26 తేదీల్లో మూసి ఉంటుంది. ఈస్టర్ అంటే మన క్యాలెండర్లలో కనిపించే ఈస్టర్ అనుకోవద్దు. ఆర్థడాక్స్ లెక్క వేరు, చాలా ఏళ్లలో అది వారాల తేడాతో వస్తుంది.

ఏ పూట వెళ్లాలి? సోమవారం సాయంత్రం 5కే మూసేస్తారు, శుక్రవారం రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది. శుక్రవారం రాత్రి వెళ్లమని చాలామంది చెబుతారు. అద్దాల్లోంచి దీపాల వెలుగులో పార్థెనాన్ కనబడుతుంది కాబట్టి ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లు పగలే వెళ్లాలని గట్టిగా చెబుతాను. ఈ శిల్పాలు ఎండలో చూడ్డానికి చెక్కినవి. లోతు తక్కువగా చెక్కిన గుర్రపు కాలు పక్క నుంచి పడే పగటి వెలుగులో నీడతో సహా లేస్తుంది, పైనుంచి పడే విద్యుద్దీపం కింద చదునుగా కనిపిస్తుంది. రెండూ కావాలంటే శుక్రవారం మధ్యాహ్నం 3 ప్రాంతంలో లోపలికి వెళ్లి, రెండో అంతస్తు రెస్టారెంట్‌లో కొండకెదురుగా కాసేపు కూర్చుని, చీకటి పడ్డాక మూడో అంతస్తుకు మరొకసారి వెళ్లండి. వేసవిలో వడగాలులు వీచే రోజుల్లో మధ్యాహ్నం పూట కొండనే మూసేస్తున్నారు. ఆ కాలంలో పొద్దున 8కి కొండ, ఎండ వేళకు మ్యూజియం పెట్టుకోవడమే మార్గం. లోపల చల్లగా ఉంటుంది. మూడు గంటలు కేటాయించండి. గంటన్నరకు తగ్గితే మొదటి అంతస్తో మూడో అంతస్తో ఒకటి వదిలేసుకోవాల్సి వస్తుంది.

లోపలికి అడుగుపెట్టే ముందే కాళ్ల కింద అద్దంలోంచి తవ్వకాలు కనిపిస్తాయి. ఎత్తులంటే భయం ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త తడబడతారు. అద్దం మీద చుక్కల పొర వేశారు, ఆ చుక్కల మీద చూపు పెట్టి నడిస్తే సర్దుకుంటుంది. లోపల పై అంతస్తుల్లోనూ కొన్నిచోట్ల నేల అద్దమే. స్కర్టు వేసుకునేవాళ్లు, సన్నటి మడమ చెప్పులు వేసుకునేవాళ్లు ముందే గుర్తుపెట్టుకోవాలి. పెద్ద బ్యాగులు కింద సామాను గదిలో వదలాలి. వీపు సంచిని ముందుకు తగిలించుకోండి. ఇక్కడ చాలా శిల్పాలకు అద్దాల పెట్టెలు లేవు. వెనక్కి తిరిగినప్పుడు సంచి రాతికి తగిలే ప్రమాదం ఉంది. వేలు పెట్టి తాకడం మరీ తప్పు. చర్మం మీది నూనె, చెమట పాలరాతి రంధ్రాల్లోకి దిగితే మరక పోదు.

టికెట్ చూపించి దాటగానే వెడల్పాటి వాలుదారి పైకి వెళుతుంది. కొండ ఎక్కుతున్నట్టే కట్టారు. రెండు పక్కలా కొండ వాలుల్లోని గుళ్లలో దొరికినవి ఉంటాయి. వైద్యదేవుడు అస్క్లేపియోస్ గుడికి రోగం తగ్గినవాళ్లు ఇచ్చిన మొక్కుబడి ఫలకాలు, వనదేవత గుడిలో కొత్తగా పెళ్లయినవాళ్లు సమర్పించిన స్నానపు కుండలు. ఈ పొడుగుమెడ కుండలతోనే పెళ్లికి ముందు స్నానానికి నీళ్లు తెచ్చేవారు. జనం వీటిని దాటేసి పైకి చూస్తూ నడిచేస్తారు. గొప్ప శిల్పులు చేసినవి కావు, నిజమే. కానీ ఇంత చేరువగా మామూలు ఏథెన్స్ వాసుల్ని చూపించేవి ఈ భవనంలో ఇంకెక్కడా లేవు.

వాలుదారి చివర మెట్ల పైన ఒక పెడిమెంట్, అంటే గుడి ముందువైపు కప్పు కింద త్రికోణంలో అమర్చే శిల్పాల వరుస. పార్థెనాన్‌కి వందేళ్లకు పైగా ముందు, క్రీ.పూ. 570 ప్రాంతంలో ఉన్న పాత గుడిది. మెత్తటి సున్నపురాయిలో చెక్కారు. ఎద్దును చీలుస్తున్న సింహాలు, ఒక మూల చేప తోక ఉన్న సముద్రదేవుడు ట్రైటన్‌తో కుస్తీ పడుతున్న వీరుడు హెరాక్లీస్, ఇంకో మూల మూడు తలల, పాము తోక ఉన్న ఆకారం. ఆ మూడు ముఖాల గడ్డాల్లో నీలం రంగు ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. ఇక్కడే కళ్లను సిద్ధం చేసుకోవాలి. గ్రీకు శిల్పం తెల్లగా ఉండేదన్న మాట ఈ మెట్ల పైనే చెల్లిపోతుంది.

కుడివైపు తిరిగితే ఆర్కాయిక్ హాలు, అంటే పార్థెనాన్‌కి ముందుకాలపు బొమ్మలున్న చోటు. మొదటి అంతస్తులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. ఎత్తయిన స్తంభాలు, పక్క నుంచి పగటి వెలుగు, వాటి మధ్య విడివిడిగా నిలబెట్టిన బొమ్మలు. బాణం గుర్తులతో దారి చూపించరు. దాంతో జనం తికమకపడి మధ్యలోంచి నేరుగా నడిచి బయటపడిపోతారు. నేను చెప్పే పద్ధతి ఇది: ఒక్కొక్క బొమ్మ చుట్టూ పూర్తిగా ఒకసారి తిరగండి. వెనకవైపు చూసే వీలు కల్పించడం కోసమే వాటిని గోడకి ఆనించకుండా పెట్టారు.

ఇవి ఇంత బాగా మిగలడానికి కారణం ఒక విధ్వంసం. క్రీ.పూ. 480లో పర్షియన్లు అక్రోపోలిస్‌ను తగలబెట్టి, బొమ్మల్ని పడగొట్టారు. ఏథెన్స్ వాసులు తిరిగొచ్చాక, దేవతకిచ్చిన ఆ విరిగిన బొమ్మల్ని బయట పారేయకుండా కొండ మీదే గోతుల్లో పూడ్చారు. రెండు వేల మూడు వందల ఏళ్లకు పైగా ఎండా వానా తగలకపోవడంతో 19వ శతాబ్దపు తవ్వకాల్లో బయటికొచ్చినప్పుడు కొన్నిటి మీద రంగులు కూడా నిలిచే ఉన్నాయి. వెతకాల్సిన చోట్లు: జుట్టు, కనుపాపలు, పెదవులు, బట్టల అంచులు. ఎరుపు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. నీలం చాలాచోట్ల ఆకుపచ్చగా మారింది. నీలానికి వాడిన రాగి ఖనిజం కాలక్రమంలో రసాయన మార్పు చెందడమే అందుకు కారణం. ఎదురుగా నిలబడితే ఇవి కనిపించకపోవచ్చు, కాస్త పక్కకు జరిగి చూడండి.

ఎథీనాకు కానుకగా ఇచ్చిన నిలువెత్తు అమ్మాయిల బొమ్మల్ని కోరే అంటారు. చాలావాటికి మోచేతి దగ్గర గుండ్రటి రంధ్రం ఉంటుంది. ముందుకు చాచిన ముంజేయిని వేరే రాతిలో చెక్కి ఆ రంధ్రంలో బిగించేవారు, అతుకు బలహీనం కాబట్టి అదే మొదట ఊడిపోయింది. కొన్నిటి నడినెత్తిన లోహపు కమ్మీ గుర్తు కనిపిస్తుంది. బొమ్మ మీద పక్షులు వాలకుండా పెట్టింది అది. క్రీ.పూ. 530 ప్రాంతపు పెప్లోస్ కోరే (పెప్లోస్ అంటే స్త్రీలు ధరించే పైవస్త్రం) మిగతావాటి కన్నా చిన్నది, పక్కవాటి అలంకారాలు చూశాక దీని ముందు ఆగితే ఆ నిరాడంబరత ఎంత కష్టసాధ్యమో తెలుస్తుంది. భుజాల మీద దూడను మోస్తున్న మనిషి ఇంకా పాతవాడు, క్రీ.పూ. 570 నాటివాడు. దూడ కాళ్లు, అతని చేతులు ఛాతీ మీద కలిసి వేసే అడ్డగీత దగ్గరే నిలబడి చూడాలి. గుర్రపు రౌతు బొమ్మకు తల మాత్రం నకలు. అసలు తల పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. మారథాన్ యుద్ధంలో మరణించిన సేనాని కల్లీమాకోస్ పేరిట నిలిపిన రెక్కల విజయదేవత నైకీ కూడా ఈ హాలులోనే ఉంది.

హాలు చివరికి వచ్చేసరికి క్రిటియోస్ కుర్రాడు కనిపిస్తాడు. క్రీ.పూ. 480 ప్రాంతపు బొమ్మ, సుమారు 1.17 మీటర్ల ఎత్తు. మొండెం 1860ల్లో, తల 1888లో దొరికాయి. అప్పటిదాకా గ్రీకు యువకుల బొమ్మలు బరువును రెండు కాళ్ల మీదా సమానంగా మోస్తూ బిగుసుకుని ఉండేవి. ఇతను ఎడమ కాలి మీద బరువు వేసి, కుడి మోకాలు వదులు చేశాడు. వెనక్కి వెళ్లి తుంటి చూడండి. ఒక పక్క కొద్దిగా పైకి, ఇంకో పక్క కిందికి. తల కుడి పక్కకు కాస్త తిరిగింది. పాత బొమ్మల పెదవుల మీద ఉండే చిరునవ్వు పోయింది. మీరు ఇప్పుడే దాటి వచ్చిన బొమ్మల్లో ఒకదాని దగ్గరికి వెనక్కి నడిచి, మళ్లీ ఇతని దగ్గరికి రండి. శిల్పకళ దిశ మార్చుకున్న చోటు ఈ కొద్ది అడుగుల్లోనే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి అంతస్తు చుట్టూ తిరిగేసి, కొండ మీది మరో గుడి ఎరెక్థియన్ భాగాలు కూడా చూసేసి, తర్వాత పైకి వెళతారు. మ్యూజియం ఆలోచన వేరు. ఆర్కాయిక్ హాలు కాగానే ఎస్కలేటర్ ఎక్కి నేరుగా మూడో అంతస్తుకు వెళ్లాలి. పార్థెనాన్ చూసి తిరిగి మొదటి అంతస్తుకు దిగితే, పార్థెనాన్ తర్వాత కట్టిన మిగతా గుళ్లు వస్తాయి. కాలక్రమం అలా నిలుస్తుంది. ఈ తిరుగుదారి తెలియక మూడో అంతస్తు నుంచి సరాసరి బయటికి వెళ్లిపోయేవాళ్లు మొదటి అంతస్తులో సగం చూడకుండానే వెళ్లినట్టు.

మూడో అంతస్తు మొత్తం పార్థెనాన్ గదే. కింది అంతస్తులు వీధుల వరుసను అనుసరించి ఉంటే, ఈ అంతస్తును వాటి మీద 23 డిగ్రీలు తిప్పి పెట్టారు. దాంతో ఇది కొండ మీది గుడికి సరిగ్గా సమాంతరమైంది. మధ్యలో ఉన్న కాంక్రీటు గది కొలతలు పార్థెనాన్ గర్భగుడి కొలతలే. దాని బయటి గోడ చుట్టూ ఫ్రీజ్, అంటే గుడి గోడ పైభాగాన పట్టీలా సాగే శిల్పాల వరుసను అసలు దిక్కుల్లోనే అమర్చారు. నాలుగు వైపులా అద్దాలు. ఉత్తరం అద్దంలోంచి అసలు గుడి కనిపిస్తుంది. అక్కడ తూర్పున ఉన్నది ఇక్కడా తూర్పునే ఉంటుంది కాబట్టి, ముందు ఉత్తరం వైపు నిలబడి గుడిని చూసి దిక్కు కుదుర్చుకోండి. ఈ అంతస్తులో చూపించే చిన్న వీడియో కూడా ముందే చూసేయడం మంచిది.

ఫ్రీజ్ మొత్తం 160 మీటర్ల పొడవు, సుమారు మీటరు ఎత్తు, 115 రాళ్లు. 378 మంది మనుషులు, దేవతలు. 200కు పైగా జంతువులు. కథ ఎక్కడ మొదలవుతుందో తెలియక ఎస్కలేటర్ దిగినచోట మొదలుపెట్టి నడిస్తే ఊరేగింపు మీకెదురు నడుస్తున్నట్టు, గందరగోళంగా ఉంటుంది. మొదలు నైరుతి మూల. అక్కడి నుంచి ఊరేగింపు రెండుగా చీలుతుంది. ఒకటి పడమటి వైపు సాగి ఉత్తరం తిరిగి తూర్పుకు, రెండోది దక్షిణం మీదుగా తూర్పుకు. రెండూ గుడి ప్రధాన ద్వారం ఉన్న తూర్పున కలుస్తాయి. కాబట్టి నైరుతి నుంచి పడమర, ఉత్తరం, తూర్పు నడవండి. తర్వాత మళ్లీ నైరుతికి వచ్చి దక్షిణం చూడండి. కాస్త ఎక్కువ నడకే, కానీ కథ విరగదు.

పడమటి వైపు ఇంకా సన్నాహాలే. రౌతులు చెప్పులు సరిచేసుకుంటున్నారు, గుర్రాల్ని అదుపు చేస్తున్నారు. ఇక్కడి 16 రాళ్లలో 14 అసలువే, ఈ గదిలో అసలు రాయి ఎక్కువగా ఉన్న వైపు ఇదే కాబట్టి ఎక్కువసేపు ఉండండి, మధ్యాహ్నం దాటాక అయితే వెలుగు కూడా బాగుంటుంది. ఉత్తరాన రౌతుల తర్వాత రథాలు, వృద్ధులు, వాయిద్యాలవాళ్లు, నీళ్ల బిందెలు మోసే యువకులు, బలికి తీసుకెళ్లే గొర్రెలు, ఆవులు. దక్షిణాన 60 మంది రౌతులు ఆరుగురు చొప్పున పది వరుసలు. ఒక్కో వరుసకు ఒక్కో రకం దుస్తులు వేసి విడదీశారు. ఏథెన్స్ పౌరులు పది తెగలుగా ఉండేవారని గుర్తుంచుకుంటే ఈ పది వరుసల్ని లెక్కపెట్టాలనిపిస్తుంది. తూర్పున దేవతలు కూర్చుని ఉంటారు. కూర్చున్నా వాళ్ల తలలు నిలబడ్డ మనుషుల తలల ఎత్తునే ఉన్నాయి, అంటే ఆకారంలో అంత పెద్దవాళ్లు. మధ్యలో మడతపెట్టిన వస్త్రం చేతులు మారుతోంది. ఎథీనా కోసం నేసిన పెప్లోస్ అది. దసరాకు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పించడం చూసినవాళ్లకు ఆ రాయి ముందు వివరణ అక్కర్లేదు.

చెక్కడంలో ఒక లెక్క ఉంది. రాయి పైభాగంలో శిల్పం ఎక్కువగా ఉబ్బి ఉంటుంది, కిందికొచ్చేసరికి లోతు తగ్గుతుంది. అసలు గుడిలో ఈ పట్టీ సుమారు 12 మీటర్ల ఎత్తున, స్తంభాల వరుస వెనక, నీడలో ఉండేది. కింద నడిచేవాడికి తలలు స్పష్టంగా కనిపించాలంటే అవి ముందుకు రావాలి. మ్యూజియంలో దీన్ని కంటి ఎత్తుకు దించారు. అందుకని ఒక్క రాయి దగ్గరైనా మోకాళ్ల మీద వంగి కింది నుంచి పైకి చూడండి, శిల్పి అనుకున్న కోణం దొరుకుతుంది. గుర్రాల నోటి దగ్గర, మెడ మీద చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. కళ్లేలు, పగ్గాలు కంచుతో చేసి అక్కడ బిగించేవారు.

అసలుకూ నకలుకూ తేడా రంగులోనే ఉంది. పార్థెనాన్‌కి వాడిన పెంటెలీ కొండ పాలరాతిలో కొద్దిగా ఇనుము ఉంటుంది, అది గాలి తగిలి రాయి తేనె రంగుకు తిరుగుతుంది. తేనె రంగుది అసలు. సుద్దలా తెల్లగా ఉన్నది లండన్‌లోనో మరోచోటో ఉన్న రాయికి తీసిన ప్లాస్టర్ అచ్చు. తెల్లగా మెరిసేదే గొప్పదనుకుని దాని ముందు ఫొటోలు దిగేవాళ్లు ఎక్కువ. ఫ్రీజ్‌లో సుమారు 50 మీటర్లు ఏథెన్స్‌లో, సుమారు 80 మీటర్లు లండన్‌లో ఉన్నాయి. పడమటి పెడిమెంట్‌లో సముద్రదేవుడు పోసైడన్ మొండెం చూడండి. పొట్ట భాగం తేనె రంగు, భుజాలు తెలుపు. ఒకే దేవుడి శరీరం రెండు దేశాల్లో ఉంది. తూర్పున ఆరో నంబరు రాయి దగ్గర పోసైడన్, అపోలో, ఆర్టెమిస్ కూర్చున్నారు, అది అసలుదే. ఆర్టెమిస్ పాదం ముక్క మాత్రం సిసిలీలోని పలెర్మో మ్యూజియంలో ఉండేది, 2022లో శాశ్వతంగా తిరిగొచ్చింది. 2023లో వాటికన్ కూడా మూడు ముక్కలు ఇచ్చింది.

మెటోపులు, అంటే స్తంభాల పైన ఉండే చదరపు ఫలకాలు, మొత్తం 92. చాలావరకు గీకేసినట్టు కనిపించి జనం దాటేస్తారు. నిజంగానే గీకేశారు. గుడి చర్చి అయిన కాలంలో క్రైస్తవులు తూర్పు, పడమర, ఉత్తరాల్లోవి చెరిపేశారు. వాయవ్య మూల ఉన్న ఉత్తరపు 32వ ఫలకం ఒక్కటి తప్పించుకుంది. అందులోని ఇద్దరు స్త్రీలు మేరీమాతకు దేవదూత శుభవార్త చెబుతున్నట్టు అనిపించడమే కారణం కావచ్చని పండితులంటారు. దాన్ని వెతికి చూడండి. దక్షిణం వైపు మధ్య ఫలకాలు మాత్రం 1687 సెప్టెంబర్ 26న పోయాయి. తురుష్కులు గుడిలో దాచిన మందుగుండు మీద వెనిస్ సైన్యం గుండు పడి గుడి మధ్యభాగం పేలిపోయింది.

మిగిలిన శిల్పాల్లో సగం దాకా, తురుష్క రాజ్యంలో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ ఎల్గిన్ మనుషులు 1801 నుంచి ఊడదీశారు. మోయడానికి బరువు తగ్గించాలని రాళ్లను వెనకనుంచి రంపాలతో కోశారు. 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటిని 35,000 పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. వాటిని తిరిగివ్వడానికి 1963 నాటి చట్టం అడ్డమని అక్కడి వాదన. ఏథెన్స్‌లో పెట్టుకునే చోటే లేదన్న పాత వాదనకు మాత్రం ఈ గది జవాబిచ్చేసింది. ఒక్కొక్క రాయి కోసం దాని చోటు, ప్రస్తుతానికి అచ్చుతో నిండి, ఎదురుచూస్తోంది. అవి ఇక్కడికే రావాలన్నది నా అభిప్రాయం, ఈ గదిలో ఒకసారి చుట్టూ నడిచినవాళ్లకు ఇంకో అభిప్రాయం కలగడం కష్టం. తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవ కాదు. అమరావతి స్తూపం ఫలకాలు అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు తరలించినవి, 1859లో లండన్ చేరాయి. అవి పల్నాడు సున్నపురాయి అయినా, ఎల్గిన్ మార్బుల్స్ వరసలో ఎలియట్ మార్బుల్స్ అని పిలిచారు. లండన్ వెళ్లినప్పుడు రెండు గదులూ ఒకే పూట చూడవచ్చు.

ఇప్పుడు మొదటి అంతస్తుకు దిగండి. వాలుదారి వైపు తెరుచుకున్న వేదిక మీద ఎరెక్థియన్ వసారా కప్పును మోసిన ఆరుగురు కారియాటిడ్‌లలో, అంటే స్త్రీ రూపంలో చెక్కిన స్తంభాలలో, ఐదుగురు నిలబడి ఉన్నారు. ఆరో ఆమె లండన్‌లో. ఆమె చోటు ఖాళీగా ఉంచారు. కొండ మీద ఇప్పుడున్నవి నకళ్లు, అక్కడ వెనకవైపు చూడ్డం కుదరదు. ఇక్కడ వెనక్కి వెళ్లి జడలు చూడాలి. మెడ సన్నగా ఉంటే పైకప్పు బరువుకు విరిగిపోతుంది. అందుకని ఒత్తైన జడల్ని మెడ వెనక దించి, మెడను లావు చేశారు. అందంగా కనిపిస్తూనే భారం మోస్తున్న జడలవి. బరువు మోసే కాలు మీద బట్ట మడతలు స్తంభం మీది గాడుల్లా నిటారుగా దిగుతాయి. వదులు చేసిన మోకాలు మీద బట్ట శరీరాన్ని అంటుకుంటుంది. ఎడమ పక్క ముగ్గురు కుడికాలి మీద, కుడి పక్క ముగ్గురు ఎడమకాలి మీద నిలబడేవారు.

1979లో వీటిని కొండ మీది గాలిలోంచి లోపలికి తెచ్చారు. వాహనాల, ఫ్యాక్టరీల పొగలోని గంధకం వాననీటితో కలిసి పాలరాతి పైపొరను జిప్సంగా మారుస్తుంది. దానిలో మసి చిక్కుకుని నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చుతో పాటు చెక్కడమూ రాలిపోతుంది. దాన్ని గీకితే రాయి పోతుంది, రసాయనం వేస్తే లోపలికి ఇంకుతుంది. కాబట్టి లేజర్ వాడారు. ఇన్‌ఫ్రారెడ్ కిరణం ఒక్కటే వాడితే రాయి పసుపుబారే ప్రమాదం ఉంది, అతినీలలోహిత కిరణాన్ని దానితో కలిపి సమతూకం చేశారు. బొమ్మల్ని కదపకుండా, అక్కడే తెర కట్టి, సందర్శకుల ఎదుటే 2014 దాకా ఈ పని చేశారు.

దగ్గర్లోనే ఎథీనా నైకీ గుడి పిట్టగోడ శిల్పాలు. వాటిలో ఒక కాలు ఎత్తి చెప్పు సరిచేసుకుంటున్న నైకీని వదలొద్దు, తడిసిన పల్చటి బట్టలా రాయి ఒంటిని అంటుకుంది. ఎరెక్థియన్ ఫ్రీజ్ పద్ధతి పార్థెనాన్‌ది కాదు. తెల్ల బొమ్మల్ని విడిగా చెక్కి ముదురు బూడిదరంగు రాతి మీద మేకులతో బిగించారు. ఆ మేకుల గుర్తులు కనిపిస్తాయి. యువ అలెగ్జాండర్ తల కూడా ఈ అంతస్తులోనే ఉంది.

చివరికి కింది తవ్వకాల్లోకి దిగండి. అదే టికెట్‌తో వెళ్లవచ్చు. 2019 నుంచి లోపల నడవనిస్తున్నారు, 2024లో అక్కడ దొరికిన వస్తువులతో చిన్న మ్యూజియం కూడా తెరిచారు. సుమారు 4,000 చదరపు మీటర్లలో వీధులు, బావులు, స్నానపు గదులు, మురుగు కాలువలు. శతాబ్దాల తరబడి ఒకదాని మీద ఒకటి కట్టిన ఇళ్లు కాబట్టి గోడలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. బోర్డు మీది కాలం చూసుకుని, ఒక గోడ ఇంకో గోడను ఎక్కడ కోసిందో గమనిస్తే ఏది ముందో ఏది వెనకో తేలుతుంది.

ఫొటోల సంగతి. ఫ్లాష్ ఎక్కడా వాడకూడదు, కొన్ని హాళ్లలో ఫొటోలే తీయనివ్వరు, గుర్తులు చూసుకోండి. మూడో అంతస్తు అద్దంలోంచి పార్థెనాన్ తీసేటప్పుడు లోపలి దీపాలు అద్దంలో పడతాయి, రాత్రిపూట మరీ ఎక్కువ. ఫోన్ కెమెరాను అద్దానికి ఆనించినట్టు పెట్టి, ముదురు రంగు చున్నీయో కోటో చుట్టూ అడ్డం పట్టుకోండి. మూసే వేళకు అరగంట ముందే లోపలికి రానివ్వడం ఆపేస్తారు, పావుగంట ముందు హాళ్లు ఖాళీ చేయిస్తారు. మూడో అంతస్తుకు రెండోసారి వెళ్లేవాళ్లు ఆ లెక్కతో కనీసం గంట ముందే పైకి చేరుకోవాలి.